ఇన్వర్డు నంబరు 412

నేను వెళ్ళేసరికి పదకొండూ అయిదు. కేసు తేలిపోయిందని చెప్పడానికి ఇస్త్రీ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఇస్త్రీ అంటే స్పెషల్ స్క్వాడ్ ఆఫీసరు. వాన కురిసినా, లాఠీచార్జీ జరిగినా అతని చొక్కా మడత నలగదు కాబట్టి డిపార్టుమెంటులో ఆ పేరు స్థిరపడిపోయింది. పన్నెండేళ్ళ కిందట ట్రైనింగులో నా శిష్యుడు. ఇప్పుడు నాకంటే రెండు మెట్లు పైన ఉన్నాడు. నాకు రిటైర్మెంటు ఇంకో నాలుగు నెలలుంది. ఈ నాలుగు నెలలూ నన్ను ఏ కేసు దరిదాపులకీ రానివ్వకూడదని అతను, పోయేలోగా ఒక్కసారైనా అతని మడత నలపాలని నేను. మా గురుశిష్య సంబంధం అలా నడుస్తోంది.

"మీరెందుకు శ్రమపడ్డారు సార్? అయిపోయింది," అన్నాడు.

"అయిపోయిందని చెప్తే వినడానికి ఎవరో ఒకరు ఉండాలిగా. చెప్పు."

అతను వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చాడు. "ఎమ్మెల్యే గారు చనిపోయింది పొద్దున ఆరుకీ ఏడుకీ మధ్య. డాక్టరు మాట. పక్కన మాత్రల సీసా, ఖాళీది. బల్ల మీద టైపు చేసిన ఉత్తరం. ఆరోగ్యం బాగాలేక నా ఇష్టంతోనే పోతున్నాను, ఎవరూ బాధ్యులు కారు అని. కింద సంతకం. పి.ఏ. ఎనిమిదీ నలభైకి తాళం తీసి లోపలికొచ్చాడు, వాచ్‌మన్ చూశాడు. మనకి ఫోను చేసింది తొమ్మిదీ ఇరవైకి. ఆ ఉత్తరం పి.ఏ. కంప్యూటర్లో టైపైన టైము, ఎనిమిదీ యాభై రెండు."

అక్కడ ఆగాడు, నేను మెచ్చుకుంటానని.

"ఏడింటికే పోయిన మనిషి తొమ్మిదింటికి ఉత్తరం రాయడు సార్. రోజూ రాత్రి మందులు అమర్చి వెళ్ళేది పి.ఏ. రెండో తాళం పి.ఏ. దగ్గరే. పన్నెండున్నరకి అరెస్టు చూపిస్తున్నా. ఒంటిగంటకి పత్రికలవాళ్ళని రమ్మన్నా."

"ఎందుకు చంపాడట?"

"అది కస్టడీలో చెప్తాడు."

"ఎమ్మెల్యే కాకముందు నుంచీ, ముప్పై ఏళ్ళుగా ఆయన్ని నీడలా అంటిపెట్టుకున్నవాడు."

"దగ్గరగా ఉండేది నీడే కదా సార్."

తెలివైనవాడే. కాదంటే నా నోరు పడిపోతుంది. "పన్నెండున్నర దాకా టైముందిగా. అందాకా గది చూస్తాను, ముసలాడి సరదా అనుకో," అన్నాను.

"చూడండి. ఏదీ ముట్టుకోకండి. ముందు చూసింది రాయాలి, అనుకున్నది తర్వాత రాయాలి. మీరు నేర్పిందే."

తాతకు దగ్గులు నేర్పడం అంటే ఇదే. కానీ ఆ మాట అతని నోట వింటే నాకు కోపం రాలేదు. ఆ పాఠం నాకు ఎక్కణ్ణించి వచ్చిందో అతనికి తెలియదు.

దాపరికం ఎందుకు, చెప్పేస్తాను. ఈ ఎమ్మెల్యేకీ నాకూ పందొమ్మిదేళ్ళ కిందట ఒకే ఒక్కసారి పని పడింది. అప్పుడు ఆయన మొదటిసారి గెలిచాడు, నేను కొత్త ఎస్సైని. ఆ తర్వాత పేపర్లో ఆయన ఫోటో కనిపిస్తే నేను పేజీ తిప్పేసేవాణ్ణి. ఈ పొద్దున ఆయన పోయాడని ఫోనొచ్చినప్పుడు ముందు నాకు కలిగింది బాధ కాదు, అమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసి వచ్చాను.

గది పెద్దదేం కాదు. గోడకి నాలుగు ఫోటోలు, నాలుగు గెలుపులవి. మొదటిదాంట్లో ఆయన పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. మిగతా మూడింటిలో నవ్వు లేదు, పూలదండల బరువుకి మెడ వంగినట్టు నిలబడ్డాడు. రెండుసార్లు మంత్రి పదవి ఇస్తామంటే వద్దన్నాడని చెప్పుకునేవారు. సభలో నోరు విప్పడం తక్కువ. కానీ ఊళ్ళో ఎవరికి ఏ ఉత్తరం కావాలన్నా ఈ గుమ్మం ముందు నిలబడితే చాలు. ఆస్పత్రిలో మంచానికి, బడిలో సీటుకి, ఆఫీసులో కదలని ఫైలుకి, దేనికైనా ఉత్తరం దొరికేది. ఉత్తరాల ఎమ్మెల్యే అని పేరు. అంత మంచితనం ఎక్కణ్ణించి పుట్టుకొచ్చిందా అని అందరూ ఆశ్చర్యపోయేవారు. నేను మాత్రం ఎప్పుడూ ఆశ్చర్యపోలేదు.

బల్ల మీద ఉత్తరం చూశాను. మూడే మూడు వరుసలు. ఆ తర్వాత జానెడు ఖాళీ. ఆ ఖాళీ కింద పచ్చ సిరాతో సంతకం. పైన ఎడమవైపు మూల "అ.నం. 1187" అని ఉంది.

"అవుట్‌వర్డ్ నంబరు వేశాడు చూశావా?" అన్నాను. "చచ్చిపోతూ రాసే ఉత్తరానికి నంబరు వేసుకునేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు."

"అందుకేగా పి.ఏ. అంటున్నా. నంబర్లాయన అని ఊరంతా పిలిచేది అతన్నే," అన్నాడు ఇస్త్రీ.

పచ్చ సిరా పెన్ను సొరుగులో ఉంది, మూత బిగించి. బల్ల మీద ఉన్నది నీలం పెన్ను. మూత తీసి ఉంది, పాళీ ఎండిపోయింది. ఆయన కుడిచేతి నడిమివేలికి నీలం మరక ఉందని డాక్టరు కాగితంలో రాశాడు. అదే అడిగాను.

"రాసుకునే మనిషి సార్. వేలికి సిరా కాక సున్నం అంటుకుంటుందా?" అని ఇస్త్రీ ఫోను మోగితే వరండాలోకి వెళ్ళాడు.

పేపర్‌వెయిట్ కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. ఇలాంటి ఉత్తరాలు ఈ ఇంట్లో కుప్పలు కాబట్టి స్క్వాడ్ వాళ్ళు దాన్ని పట్టించుకోలేదు. విప్పాను. ఎమ్మెల్యే లెటర్‌హెడ్. పోయిన శుక్రవారం తేదీ, నంబరు 1174. "మీ భర్త మరణవార్త విని ఎంతో చింతిస్తున్నాను. ఆయన సేవలు మరువలేనివి. మీ కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి." కింద పచ్చ సంతకం. పైన ఒకావిడ పేరు, ఫలానా వారి భార్య అని.

ఆ ఫలానా పేరు నాకు తెలుసు. పందొమ్మిదేళ్ళ కిందట నిందితుడి పేరు అన్న గడిలో నా చేత్తో రాసిన పేరది. రెండుసార్లు చదివాను. ఇస్త్రీ ఇంకా వరండాలోనే ఉన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. సాక్ష్యం దాచడం నా సర్వీసులో అది రెండోసారి.

పి.ఏ. పక్క గదిలో తన బల్ల ముందే కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో కానిస్టేబులు. అరవై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు. కంప్యూటరు పట్టుకుపోయినచోట బల్ల మీద దుమ్ము నలుచదరంగా మిగిలితే దాన్ని అరచేత్తో తుడుస్తున్నాడు. కానిస్టేబుల్ని బయటికి పంపి తలుపు దగ్గరగా వేశాను.

"ఉత్తరం మీరే టైపు చేశారు."

"అవును సార్."

"సంతకం?"

"అయ్యగారిదే."

"ఎప్పుడు పెట్టారు?"

ఇస్త్రీ ఇచ్చిన ఉత్తరం నకలు, నా జేబులోని కాగితం ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాను. రెండు సంతకాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకేచోట కూర్చున్నాయి. మాటలు ఎక్కువైనా తక్కువైనా సంతకం చోటు మారలేదంటే, సంతకమే ముందు పుట్టిందన్నమాట.

"సోమవారం పెడతారు సార్," అన్నాడు మెల్లగా. "ప్రతి సోమవారం యాభై తెల్ల లెటర్‌హెడ్ల మీద. జనం ఎండలో నిలబడకూడదని అయ్యగారి ఆలోచన. ఎవరికేం కావాలో కనుక్కుని నేను టైపు చేసి ఇచ్చేస్తాను."

"ఆయన చదివేవారా?"

"మొదట్లో చదివేవారు."

"మరి దీనికి నంబరెందుకు వేశారు? ఎవరైనా పట్టేసుకుంటారని తెలీదా?"

అరెస్టు అన్నప్పుడు కూడా చలించని మనిషి అప్పుడు తల దించుకున్నాడు. "అలవాటు సార్. నంబరు లేకుండా ఈ ఆఫీసులోంచి కాగితం బయటికెళ్ళదు."

"లోపలికి?"

"లోపలికీ అంతే..." అని, తనేమన్నాడో తనకే తెలిసి ఆగిపోయాడు. అతని చెయ్యి పక్కనున్న ఎర్ర అట్ట ఇన్వర్డు రిజిస్టరు మీదికి వెళ్ళింది. ఆ చేతిని పక్కకి తీసి పుస్తకం తెరిచాను. స్క్వాడ్ వాళ్ళు కంప్యూటరు మోసుకుపోయారు గానీ దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఈ కాలపు పోలీసులకి తెరలేని సాక్ష్యం కంటికి ఆనదు.

ఇవాళ్టి తేదీ కింద ఒకే ఒక్క వరుస ఉంది. నంబరు 412. సమయం 8.45. ఎవరి నుంచి: అయ్యగారు. వివరం: స్వదస్తూరి, రెండు పేజీలు. ఎక్కడ: పాత బీరువా, ఫైలు 31.

"దాచిపెట్టే కాగితానికి నంబరు వేసినవాళ్ళని కూడా నేను చూడలేదు," అన్నాను.

"కొట్టేద్దామనే కూర్చున్నాను సార్. ముప్పై ఏళ్ళ పుస్తకాల్లో ఒక్క కొట్టివేత లేదు. చెయ్యి రాలేదు."

"టైపు ఉత్తరం దానికి బదులు పెట్టారు."

"పక్కన ఆ సీసా ఉంటే ఉత్తరం ఏదని వెతుకుతారుగా. అందుకని ఏదో ఒకటి పెట్టాను. అయ్యగారి పేరు నిలబడితే చాలనుకున్నాను." అతను కళ్ళజోడు తీసి నన్ను సూటిగా చూశాడు. "మీరు అది చదవకపోతే మంచిది. ఆ రోజు వచ్చిన ఎస్సై గారు మీరే కదూ?"

జేబులోంచి తీసిన సానుభూతి ఉత్తరం అతని ముందు పెట్టాను. దాన్ని చూడగానే ఆ ముసలాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తప్పంతా నాదే సార్. ఆవిడ శుక్రవారం వచ్చింది. మా ఆయన పోయాడు, అయ్యగారికి చెప్పాలి అంది. అయ్యగారు సభలో ఉన్నారు. అలవాటు కొద్దీ ఒక కాగితం తీసి, సానుభూతి కొట్టి, నంబరు వేసి చేతికిచ్చాను. అయ్యగారికి చెప్పడం మర్చిపోయాను. నంబరు వేశానుగా, పనైపోయిందనుకున్నాను. నిన్న సాయంత్రం మళ్ళీ వచ్చింది. దాన్ని అయ్యగారి ముందు పెట్టి, మీరు చదివే పెట్టారా ఈ సంతకం అని అడిగింది. అంతే. ఏడవలేదు, అరవలేదు. ఆవిడ భర్త పోయాడన్న సంగతి అయ్యగారికి తెలిసింది అప్పుడే."

"ఆయనేమన్నారు?"

"చదివి పెట్టలేదమ్మా అన్నారు. ఆవిడ వెళ్ళిపోయింది. నన్ను కూడా ఇంటికి పొమ్మన్నారు. నేను పోకుండా ఉండాల్సింది."

పాత బీరువాకి తాళం లేదు. ఫైలు 31 అడుగునుంది. పైనే రెండు పేజీలు, నీలం సిరా, దగ్గర దగ్గరగా ఉన్న అక్షరాలు. నిలబడే చదివాను. స్పీకరు గారికి రాజీనామా అది. మొదటి పేజీ మొదట్లోనే ఉంది: ఇది నేను నా అంతట నేను చేసుకుంటున్న పని, నా పి.ఏ.కి ఏమీ తెలియదు, అతన్ని ఇబ్బంది పెట్టకండి. ఆ తర్వాత అసలు సంగతి. పందొమ్మిదేళ్ళ కిందట ఆ మధ్యాహ్నం వానలో జీపు నడిపింది నేను. డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికెళ్తున్న నర్సును గుద్దింది నేను. ఆమె అక్కడే పోయింది. నా డ్రైవరు పక్క సీట్లో ఉన్నాడు. మీరు గెలిచి నలభై రోజులే అయింది, నాకేం పోతుంది, నేనే నడిపానని చెప్తాను అన్నాడు. నేను వద్దనలేదు. మూడేళ్ళు జైల్లో ఉండొచ్చాడు. మళ్ళీ బండి ముట్టుకోలేదు. నేను మాత్రం ఈ సభలో ఇంకా మూడుసార్లు ప్రమాణం చేశాను.

రెండో పేజీ తిప్పాను.

"అప్పుడొచ్చిన ఎస్సై డ్రైవరు సీటు చూశాడు. అది బాగా వెనక్కి జరిపి ఉంది. నా డ్రైవరు పొట్టివాడు, అంత వెనక కూర్చుంటే అతని కాలు బ్రేకుకి అందదు. ఎస్సై సీటు చూశాడు, అతన్ని చూశాడు, నా కాళ్ళు చూశాడు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణి. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ ఒక్క ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని మాత్రం చాలా ఏళ్ళు చూశాను."

నన్నెవరూ బెదిరించలేదు. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఒప్పుకునేవాడు ఎదురుగా నిలబడి ఉంటే ఒప్పుకోనివాణ్ణి కెలకడం ఎందుకనుకున్నాను, అంతే. ఎస్సైగా ప్రమోషనొచ్చి రెండు నెలలు. సీటు సంగతి కాగితం మీద పెట్టలేదు. తర్వాత పదేళ్ళపాటు ట్రైనింగు హాల్లో నిలబడి, ముందు చూసింది రాయండి, అనుకున్నది తర్వాత రాయండి అని పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరాను. అది అనుభవమనుకున్నారు వాళ్ళు. అడగాల్సిన ప్రశ్న నాలుగు మాటలు. అది అడిగి ఉంటే ఒక మనిషి జైలుకి పోయేవాడు కాదు, ఇంకో మనిషి పందొమ్మిదేళ్ళు ఇలా ఉత్తరాలు పంచుతూ కూర్చునేవాడు కాదు.

గడియారం పన్నెండూ ఇరవై.

"అది మీ జేబులో పెట్టుకోండి సార్," అన్నాడు పి.ఏ. వెనకనుంచి. "నేనున్నాగా. హత్య అని ఎలాగూ నిరూపించలేరు. ఆర్నెల్లో ఏడాదో, వదిలేస్తారు. నాకేం పోతుంది?"

నాకేం పోతుంది. అదే మాట. ఈ ఇంట్లో పనిచేసేవాళ్ళకి ఇదొక జబ్బు కాబోలు.

"ఇంట్లో ఎవరున్నారు?"

"మా ఆవిడ. మోకాళ్ళు పనిచేయవు, లేపి కూర్చోబెట్టాలి. సాయంత్రానికి వచ్చేస్తానని ఫోన్లో చెప్పాను."

నా ఇంట్లో కూడా ఒక ఆవిడ ఉంది. రిటైర్మెంటు రోజు వేసుకోమని నాకు అప్పుడే కొత్త చొక్కా కుట్టించి బీరువాలో పెట్టింది. సన్మానంలో ఎవరెవరు మాట్లాడాలో కూడా ఆవిడే అనుకుంటోంది. కాగితాలు నా చేతిలో ఉన్నాయి, జేబు ఖాళీగానే ఉంది. మనసు జేబు వైపు పోలేదంటే అబద్ధం.

తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. "టైమైంది సార్. లేవండి పి.ఏ. గారూ."

పి.ఏ. లేచి, పెన్ను జేబుకి తగిలించుకుని, ఎర్ర రిజిస్టరు బల్ల అంచుకి సమంగా సర్ది రెండు చేతులూ ముందుకు చాపాడు. ఆ డ్రైవరు కూడా ఆ రోజు ఇలాగే చేతులు చాపాడు. నేను బేడీలు వేయించాను.

"ఆగు," అని రెండు పేజీలూ ఇస్త్రీకి ఇచ్చాను. సానుభూతి ఉత్తరం బల్ల మీద పెట్టాను. "ఇది ఎమ్మెల్యే గదిలోంచి నీకు చెప్పకుండా నేను తీసింది. అదీ రాసుకో."

అతను మొదటి పేజీ చదివాడు. కానిస్టేబుళ్ళని బయటికి పొమ్మని సైగ చేశాడు. రెండో పేజీ చదివాడు, మళ్ళీ మొదట్నుంచి చదివాడు. ఆ తర్వాత, మడత నలుగుతుందని ఎప్పుడూ కూర్చోని మనిషి పి.ఏ. కుర్చీలో కూర్చుండిపోయాడు.

"ఇందులో ఎస్సై అంటే..."

"నేనే."

ఇప్పుడు అతని గొంతులో నన్ను ఆటపట్టించే ధోరణి లేదు. "పి.ఏ. గారిని వదలడానికి మొదటి పేజీ చాలు సార్. ఎమ్మెల్యే సంగతి కూడా అందులోనే ఉంది. రెండో పేజీలో మీరు తప్ప ఏమీ లేదు. నాలుగు నెలలేగా." కాగితం అతని రెండు వేళ్ళ మధ్య ఉంది. ఇచ్చేస్తున్నాడు నాకు. అతని మీద పన్నెండేళ్ళుగా పెట్టుకున్న కసి ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది.

పి.ఏ. వైపు చూశాను. అతను నన్ను కాదు, రిజిస్టర్ని చూస్తున్నాడు.

"రెండు పేజీలని రాసి ఉంది అందులో," అన్నాను. "ఆయన పుస్తకంలో కొట్టివేతలుండవు."

ఇస్త్రీ ఇంకాసేపు నా మొహం చూశాడు. తర్వాత రెండు పేజీలూ కలిపి పిన్ను గుచ్చాడు. పి.ఏ.తో, "మీరు ఇంటికెళ్ళండి, రేపు పిలుస్తాను," అన్నాడు. నిజమా అన్నట్టు ముసలాయన నావైపు చూసి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి రిజిస్టరు మూసి వెళ్ళాడు.

ఇద్దరమే మిగిలాం. ఇస్త్రీ సొరుగులోంచి తెల్ల కాగితం తీశాడు. దాని మీద కింద పచ్చ సంతకం ఉంది. దాన్ని లోపల పెట్టేసి, తన ఫైల్లోంచి ఇంకోటి తీశాడు. పేరు, వయసు, ఉద్యోగం అడిగి, తెలిసినవే అయినా తెలియనట్టే రాసుకున్నాడు. నేను నేర్పిన పద్ధతే.

"వాంగ్మూలం మొదలుపెడదాం సార్," అన్నాడు తల ఎత్తకుండా. "ముందు చూసింది చెప్పండి. అనుకున్నది తర్వాత."

"డ్రైవరు సీటు వెనక్కి జరిపి ఉంది," అన్నాను.